సెర్చ్ కన్సోల్ డేటాను డ్యాష్‌బోర్డుకు కలపాలంటే: ఉన్న దారులేవి, మీకు సరిపడేదేది

జనం గూగుల్‌లో ఏం వెతికి మీ సైటుకు వస్తున్నారో చూపే ఉచిత సాధనం సెర్చ్ కన్సోల్. దాని అంకెలు చదవడంలో ఒక చిక్కు చూడండి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. ఉగాది పచ్చడి, పంచాంగం, రాశిఫలాలు వేసే తెలుగు సైటు ఏదైనా 2025 మార్చిని 2024 మార్చితో పోల్చి చూస్తే గ్రాఫ్ ఆకాశానికి ఎగురుతుంది. ఏప్రిల్‌ను ఏప్రిల్‌తో పోలిస్తే నేలమీద పడుతుంది. ర్యాంకుల్లో వీసమెత్తు మార్పు లేకపోయినా ఇలాగే కనిపిస్తుంది. పండగ పది రోజులు ముందుకు జరిగింది, అంతే. వినాయక చవితిదీ ఇదే తంతు: 2024లో సెప్టెంబరు 7, 2025లో ఆగస్టు 27. సంక్రాంతి సౌరమానం పండగ కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

పండగకు ముందు 14 రోజులు, తర్వాత 3 రోజులు తీసుకుని పోలిస్తే లెక్క కుదురుతుంది. అంటే 2025 మార్చి 16 నుంచి ఏప్రిల్ 2 వరకు ఒక వైపు, 2024 మార్చి 26 నుంచి ఏప్రిల్ 12 వరకు ఇంకో వైపు. పండగ అయిన కొత్తలోనే సెర్చ్ కన్సోల్‌లో కస్టమ్ తేదీలు ఇచ్చి ఇలా రెండేళ్లను పోల్చొచ్చు. మూడో ఏడాదిని కూడా పక్కన పెట్టి చూద్దామంటే మాత్రం కుదరదు. కన్సోల్ 16 నెలలకు మించి డేటా ఉంచదు.

డ్యాష్‌బోర్డు ఎంచుకునేటప్పుడు చాలామంది ఎక్కడ అందంగా కనిపిస్తుందో చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది డేటా ఎక్కడ నిలవ ఉంటుందని. చూపించే పలకను ఏటా మార్చుకున్నా నష్టం లేదు. దాచుకోని డేటా 16 నెలలు దాటాక ఎవరిని అడిగినా దొరకదు. కింది దారులన్నిటినీ ఈ కోణంలోంచే బేరీజు వేశాం.

ముందు ప్రాపర్టీ సరిగ్గా ఉందో లేదో

ఏ దారి పట్టినా పునాది ఇదే. సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేసిన సైటును ప్రాపర్టీ అంటారు; అవి రెండు రకాలు. యూఆర్ఎల్ ప్రిఫిక్స్ రకంలో మీరిచ్చిన చిరునామాతో మొదలయ్యే పేజీలే లెక్కలోకి వస్తాయి; 'డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ' ఉన్నది వేరు, లేనిది వేరు. డొమైన్ రకంలో అన్ని సబ్‌డొమైన్లూ, రెండు ప్రోటోకాల్‌లూ (హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్) కలిసే వస్తాయి. సొంత డొమైన్ ఉన్నవాళ్లు డొమైన్ రకమే తీసుకోండి. కన్సోల్ ఇచ్చే టెక్స్ట్ రికార్డును డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (డొమైన్ పేరును సర్వర్‌కు కలిపే పట్టిక) సెట్టింగుల్లో పెట్టాలి. కొన్నిసార్లు నిమిషాల్లో, కొన్నిసార్లు ఒకట్రెండు రోజుల్లో ధ్రువీకరణ అవుతుంది. ధ్రువీకరణ అయ్యాక ఆ రికార్డు పనైపోయిందనుకుని తీసేస్తే కొన్నాళ్లకు యాజమాన్యం పోతుంది, దాంతోపాటు దాని మీద ఆధారపడ్డ లంకెలన్నీ తెగుతాయి. బ్లాగర్‌లో ఉచిత సబ్‌డొమైన్ మీద నడిపేవాళ్లకు డీఎన్ఎస్ చేతిలో ఉండదు కాబట్టి యూఆర్ఎల్ ప్రిఫిక్స్ రకమే గతి.

కన్సోల్ ఒక్కటే చాలేవాళ్లు

వందలోపు పేజీలు, చూసేది ఒక్కరే, వారానికోసారి చూస్తారు అంటే కొత్తగా ఏదీ కలపనక్కర్లేదు. కన్సోల్ పట్టికల్లో గరిష్ఠంగా 1,000 వరసలే చూపిస్తుంది. చిన్న సైటుకు అది ఎక్కువే. పైగా కన్సోల్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది: అక్షరాల నమూనా ఇచ్చి వడకట్టే రీజెక్స్ ఫిల్టరు. ప్రశ్నల (అంటే జనం వెతికిన మాటల) ఫిల్టరులో కస్టమ్ రీజెక్స్ ఎంచుకుని [అ-హ] అని రాస్తే తెలుగు లిపిలో టైపు చేసిన వెతుకులాటలన్నీ ఒక పక్కకు వస్తాయి. అదే ఫిల్టరును 'సరిపోనివి' అని మారిస్తే ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేసినవీ, నేరుగా ఇంగ్లిషులో వెతికినవీ మిగులుతాయి. ఈ రెండు గుంపుల క్లిక్ శాతాలు (కనిపించినవాటిలో క్లిక్ అయిన వాటా) పక్కపక్కన పెట్టి చూస్తే శీర్షిక తెలుగులోనే ఉంచాలా, చివర ఇంగ్లిషు అక్షరాల రూపం కూడా చేర్చాలా అన్నది పేజీ పేజీకీ తేలుతుంది. తెలుగు సైట్లకు ఇంతకంటే పనికొచ్చే నివేదిక ఇంకోటి లేదని మా అభిప్రాయం. దీనికి డ్యాష్‌బోర్డు అక్కర్లేదు, అయిదు నిమిషాల పని.

సైట్ కిట్, తోటి ప్లగిన్లు

వర్డ్‌ప్రెస్ సైటయితే గూగుల్ వారి సైట్ కిట్ అన్నిటికంటే సులువు. ప్లగిన్ వేసి, యాక్టివేట్ చేసి, సైటు యజమాని గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, అడిగిన అనుమతులన్నిటికీ టిక్కు పెడితే పది నిమిషాల్లో అడ్మిన్‌లో క్లిక్కులు, ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించారన్న లెక్క), ముఖ్యమైన ప్రశ్నలు కనిపిస్తాయి. అనుమతుల తెరలో ఒక్క టిక్కు వదిలేసినా సెటప్ మధ్యలో ఆగుతుంది. చాలామందికి ఎదురయ్యే మొదటి తప్పు ఇదే. ఏదైనా పేజీ తెరిచి పైనున్న అడ్మిన్ పట్టీలో నొక్కితే ఆ ఒక్క పేజీ అంకెలు వస్తాయి. రాసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. సబ్ ఎడిటర్లందరికీ కన్సోల్ ఇవ్వకుండా, డ్యాష్‌బోర్డ్ షేరింగ్‌లో పాత్రల వారీగా చూసే హక్కు ఇవ్వొచ్చు.

పరిమితులు కూడా తెలుసుకోవాలి. తేదీల ఎంపిక 7, 14, 28, 90 రోజులే, కాబట్టి పండగ పోలిక ఇందులో సాగదు. డేటాను సైట్ కిట్ మీ దగ్గర దాచదు, చూసినప్పుడల్లా గూగుల్ నుంచి తెచ్చి చూపిస్తుంది. సెక్యూరిటీ ప్లగిన్ వర్డ్‌ప్రెస్ రెస్ట్ ఏపీఐని (ఏపీఐ అంటే ప్రోగ్రాములు ఒకదాన్నొకటి డేటా అడిగే దారి) అడ్డుకుంటే ఖాళీ పెట్టెలే కనిపిస్తాయి. సైటును స్టేజింగ్ (ప్రయోగాల కాపీ) నుంచి అసలు డొమైనుకు మార్చినా లంకె తెగుతుంది, మళ్లీ కలపాలి.

ర్యాంక్ మ్యాత్ వంటి ఎస్ఈవో ప్లగిన్లు ఇంకో పద్ధతి పాటిస్తాయి: కన్సోల్ డేటాను తెచ్చి మీ సైటు డేటాబేస్‌లోనే పోస్తాయి. చూడ్డానికి వేగంగా ఉంటుంది, వర్డ్‌ప్రెస్ లోపలే కనబడుతుంది. బదులుగా డేటాబేస్ లావెక్కుతుంది. చవక షేర్డ్ హోస్టింగ్‌లో వేల పేజీల సైటుకు ఇది బరువే. ఒక్కసారి పీహెచ్‌పీమైఅడ్మిన్ (హోస్టింగ్‌లో డేటాబేస్ చూసే సాధనం) తెరిచి ఆ ప్లగిన్ పట్టికల సైజు చూసుకోండి, పోస్టుల పట్టికను మించిపోయి ఉంటే మానేయడమే మేలు. ఇంకోటి, ఇలాంటి పనులు వర్డ్‌ప్రెస్ క్రాన్ (వేళ ప్రకారం పనులు నడిపే ఏర్పాటు) మీద నడుస్తాయి. సైటుకు ఎవరైనా వస్తేనే ఆ క్రాన్ కదులుతుంది. రాకపోకలు తక్కువున్న సైటులో డేటా రోజుల తరబడి వెనకబడితే ప్లగిన్‌ను తిట్టేముందు హోస్టింగ్ ప్యానెల్‌లో అసలైన క్రాన్ జాబు పెట్టి చూడండి.

అనలిటిక్స్‌తో లంకె

గూగుల్ అనలిటిక్స్ 4కు కన్సోల్‌ను కలపడం ఉచితం, రెండు నిమిషాల పని. అనలిటిక్స్‌లో ఎడిటర్ హక్కు, కన్సోల్‌లో ధ్రువీకరించిన యజమాని హక్కు రెండూ ఒకే ఖాతాకు ఉండాలి. కలిపాక ఏమీ కనిపించట్లేదని చాలామంది కంగారు పడతారు: నివేదికలు తమంతట తాము మెనూలోకి రావు. లైబ్రరీలోకి వెళ్లి సెర్చ్ కన్సోల్ కలెక్షన్‌ను పబ్లిష్ చేయాలి. వచ్చేవి రెండే నివేదికలు, ప్రశ్నలు ఒకటి, సెర్చ్ నుంచి దిగిన పేజీలు రెండోది. ఏ ప్రశ్న ద్వారా వచ్చినవాళ్లు కొన్నారో, ఫారం నింపారో చెప్పమంటే చెప్పదు, పేజీ స్థాయి వరకే. కలిపి ఉంచండి, దీన్నే డ్యాష్‌బోర్డు అనుకోకండి.

లుకర్ స్టూడియో

ఇది గూగుల్ వారి నివేదికల సాధనం; 2022 అక్టోబరు దాకా డేటా స్టూడియో అని పిలిచింది దీన్నే. క్లయింటుకో, సంపాదకుడికో లింకు పంపి 'ఇదిగో చూడండి' అనాల్సిన చోట దీనికి సాటి లేదు. కన్సోల్ కనెక్టర్ ఉచితం. కలిపేటప్పుడు అడిగేవాటిలో ముఖ్యమైన ప్రశ్న ఇది: సైట్ ఇంప్రెషన్ కావాలా, యూఆర్ఎల్ ఇంప్రెషన్ కావాలా? ఇక్కడ ఏదో ఒకటి నొక్కేసి తర్వాత అంకెలు తప్పొస్తున్నాయనేవాళ్లు ఎక్కువ.

తేడా ఇది. ఒకే ఫలితాల పుటలో మీవి రెండు పేజీలు కనిపించాయనుకోండి. సైట్ పట్టికలో అది ఒక ఇంప్రెషన్, పైనున్న పేజీ స్థానమే స్థానం. యూఆర్ఎల్ పట్టికలో రెండు ఇంప్రెషన్లు. కాబట్టి సైటు మొత్తం ఎలా ఉందో చూపే పెద్ద అంకెలకు, ప్రశ్నల పట్టికకు సైట్ ఇంప్రెషన్ వాడండి. ఏ పేజీ ఎలా ఉందో చూపే పట్టికకు యూఆర్ఎల్ ఇంప్రెషన్ వాడండి. రెండు డేటా సోర్సులూ ఒకే నివేదికలో ఉండొచ్చు. ఒకే చార్టులో కలిపి కూడొద్దు.

ఇంకో ఉచ్చు సగటుల్లో ఉంది. ఒక పేజీకి 1,000 ఇంప్రెషన్లు, 10 క్లిక్కులు: క్లిక్ శాతం 1. ఇంకో పేజీకి 10 ఇంప్రెషన్లు, 5 క్లిక్కులు: 50 శాతం. రెండు శాతాల సగటు తీస్తే 25.5 వస్తుంది, అసలు సంగతి 1,010కి 15, అంటే 1.5 శాతం లోపే. రెండు డేటా సోర్సులను కలిపినప్పుడు (బ్లెండ్), షీట్స్ నుంచి తెచ్చినప్పుడు శాతాల సగటు తీయకండి. మొత్తం క్లిక్కులను మొత్తం ఇంప్రెషన్లతో భాగించే కొత్త ఫీల్డు రాసుకోండి. స్థానానికీ అంతే. 900 ఇంప్రెషన్లతో 4వ స్థానంలో ఉన్న పేజీకి కొత్తగా ఏవో ప్రశ్నలకు 60వ స్థానంలో 2,100 ఇంప్రెషన్లు వచ్చాయనుకోండి, సగటు 43.2కు దిగజారుతుంది. పాత ప్రశ్నల్లో ర్యాంకు ఇసుమంతైనా తగ్గలేదు, పేజీ కొత్తచోట్ల కనబడడం మొదలైంది. సగటు స్థానం అనే పెద్ద అంకెను డ్యాష్‌బోర్డు నెత్తిన పెట్టకపోవడమే మంచిది. ప్రశ్న వారీగా చూసినప్పుడే దానికి అర్థం.

నివేదిక పంచేటప్పుడు డేటా క్రెడెన్షియల్స్ 'యజమాని' మీద ఉంటే లింకు ఉన్నవాళ్లందరికీ అంకెలు కనబడతాయి, 'చూసేవారు' మీద పెడితే వాళ్లకు కన్సోల్ హక్కు ఉండాలి. యజమాని క్రెడెన్షియల్స్ పెట్టిన ఉద్యోగి మానేసి ఖాతా మూసేశాడంటే చార్టులన్నీ ఒక్కసారే పనిచేయడం మానేస్తాయి.

షీట్స్, ఏపీఐ

సొంత అడ్మిన్ ప్యానెల్ కట్టుకున్నవాళ్లకు, వర్డ్‌ప్రెస్ కాని సైట్లకు ఏపీఐయే దారి. ఒక్కో అభ్యర్థనకు మామూలుగా 1,000 వరసలు, అడిగితే 25,000 దాకా ఇస్తుంది. మిగతావి ప్రారంభ వరస సంఖ్య మారుస్తూ తెచ్చుకోవాలి. ఒక ప్రాపర్టీకి రోజుకు, ఒక్కో సెర్చ్ రకానికి 50,000 వరసలు దాటి రావు. అంచేత మూడు నెలలను ఒకేసారి అడగడం కంటే రోజు రోజుకూ విడిగా అడిగి కూడబెట్టుకుంటే ఎక్కువ వివరం దక్కుతుంది.

సర్వర్ నుంచి నడపాలంటే గూగుల్ క్లౌడ్‌లో ప్రాజెక్టు తెరిచి, సెర్చ్ కన్సోల్ ఏపీఐ ఆన్ చేసి, సర్వీస్ ఖాతా (మనిషి కాకుండా ప్రోగ్రాము వాడే ఖాతా) సృష్టించాలి. దాని ఈమెయిల్‌ను కన్సోల్ సెట్టింగుల్లో యూజర్‌గా చేర్చాలి. చదవడానికే కాబట్టి పరిమిత హక్కు చాలు. ఈమెయిల్ చేర్చే మెట్టు మరిచిపోతే 403 (అనుమతి లేదు) తప్పు వస్తుంది. ప్రాపర్టీ పేరు సరిగా రాయకపోయినా అదే 403: యూఆర్ఎల్ రకానికి చివర వాలుగీత తప్పనిసరి, డొమైన్ రకానికి ముందు 'ఎస్‌సీ-డొమైన్' అన్న ముక్క, కోలన్ ఉండాలి. సర్వీస్ ఖాతా బదులు ఓఆథ్ (మీ గూగుల్ లాగిన్‌తో అనుమతి ఇచ్చే పద్ధతి) వాడితే, క్లౌడ్‌లో యాప్ స్థితి 'టెస్టింగ్' అని ఉన్నంతకాలం ఆ అనుమతిని నిలిపి ఉంచే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే చచ్చిపోతుంది. వారం బాగా నడిచి ఎనిమిదో రోజు ఆగిపోయే డ్యాష్‌బోర్డుల జబ్బు దాదాపు ఎప్పుడూ ఇదే.

కోడు జోలికి పోనివాళ్లు గూగుల్ షీట్స్‌కు యాడ్ఆన్ వేసుకుని నెలకోసారి దించుకోవచ్చు, కాస్త తెలిసినవాళ్లు యాప్స్ స్క్రిప్ట్ రాసుకోవచ్చు. స్క్రిప్టు ఒక విడతకు 6 నిమిషాలే నడుస్తుంది, షీటులో కోటి గళ్లే పడతాయి. ఎనిమిది నిలువు వరసల చొప్పున పన్నెండున్నర లక్షల అడ్డ వరసలన్నమాట. మధ్యతరగతి సైటుకు ఇది కొన్నేళ్లు సరిపోతుంది, కానీ అంతకు చాలా ముందే షీటు తెరవడానికే ఆపసోపాలు పడుతుంది.

తెలుగు చిరునామాలు పెట్టుకున్నవాళ్లకు ఇక్కడొక ప్రత్యేకమైన తలనొప్పి. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, చిరునామాలో శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాల చోటు తింటుంది. గుణింతపు గుర్తు కూడా వేరే తొమ్మిది. వర్డ్‌ప్రెస్ స్లగ్ (చిరునామాలో పేజీ పేరు ముక్క) పరిమితి 200, అంటే 22 గుర్తులు దాటగానే కోత పడుతుంది. ఏపీఐ నుంచి వచ్చిన చిరునామాను మీ డేటాబేస్‌లోని స్లగ్‌తో జత చేయబోతే ఒక వైపు ఆ కోడ్ చిన్న అక్షరాల్లో, ఇంకో వైపు పెద్ద అక్షరాల్లో ఉండి జత కుదరకపోవచ్చు. రెండిటినీ తెలుగులోకి డీకోడ్ చేసి ఆ తర్వాతే పోల్చండి.

బిగ్‌క్వెరీకి బల్క్ ఎగుమతి

కన్సోల్ డేటాను రోజూ బిగ్‌క్వెరీలో (గూగుల్ క్లౌడ్‌లోని డేటా గోదాములో) పోసే ఈ సదుపాయాన్ని 2023 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించింది. రోజువారీ వరసల పరిమితి దీనికి లేదు, డేటా మీ ఖాతాలో మీరు ఉంచినన్నాళ్లు ఉంటుంది. ఒక్కటే షరతు: మీరు ఆన్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది, వెనకటి రోజులవి రావు. ఈ ఒక్క కారణానికే, డ్యాష్‌బోర్డు ఏదో ఇంకా తేల్చుకోకపోయినా, దీన్ని ఇవాళే ఆన్ చేయమంటాం.

క్లౌడ్ ప్రాజెక్టులో బిగ్‌క్వెరీ ఏపీఐ, బిగ్‌క్వెరీ స్టోరేజ్ ఏపీఐ ఆన్ చేయండి. అనుమతుల పేజీలో గూగుల్ ఇచ్చే ఎగుమతి సర్వీస్ ఖాతాకు జాబ్ యూజర్, డేటా ఎడిటర్ అనే రెండు పాత్రలివ్వండి. కన్సోల్ సెట్టింగుల్లో బల్క్ డేటా ఎక్స్‌పోర్ట్ తెరిచి ప్రాజెక్టు ఐడీ ఇవ్వండి. ప్రాజెక్టు పేరు వేరు, ఐడీ వేరు. ప్రాపర్టీ యజమాని మాత్రమే ఇది చేయగలరు. డేటాసెట్ ప్రాంతం తర్వాత మార్చడానికి వీలుండదు. అనలిటిక్స్ డేటా కూడా బిగ్‌క్వెరీకి పోతోందంటే అదున్న ప్రాంతమే ఎంచుకోండి, లేకపోతే రెండింటినీ ఒకే క్వెరీలో కలపలేరు. 48 గంటల్లోపు మొదటి విడత వస్తుంది.

బిల్లింగ్ ఖాతా జత చేయని ప్రాజెక్టులో పట్టికలకు 60 రోజుల గడువు ఉంటుంది. తర్వాత బిల్లింగ్ పెట్టినా పాత గడువు దానంతటదే పోదు. డేటాసెట్, పట్టికల సెట్టింగుల్లోకి వెళ్లి తీసేయాలి. ఇది చూసుకోక ఏడాది డేటా ఉందనుకుని తెరిస్తే రెండు నెలలదే మిగులుతుంది. ఖర్చు గురించి భయపడనక్కర్లేదు: నెలకు 10 జీబీ నిలవ, ఒక టీబీ క్వెరీ ఉచితం. కొన్ని వందల పేజీల సైటు ఈ గీత దాటడం కష్టం. అయినా ప్రతి క్వెరీలో తేదీ షరతు పెట్టండి, లేదంటే మొత్తం పట్టికను చదివేస్తుంది. స్థానం లెక్క కూడా ఇక్కడ సున్నా నుంచి మొదలవుతుంది. స్థానాల మొత్తాన్ని ఇంప్రెషన్లతో భాగించి ఒకటి కలపాలి. కలపకపోతే మొదటి స్థానంలో ఉన్న పేజీ సున్నాలో ఉన్నట్టు కనిపిస్తుంది.

అంకెలు కలవనప్పుడు

ప్రశ్నల పట్టికలోని క్లిక్కులన్నీ కూడితే పైన చూపిన మొత్తానికి తక్కువే వస్తాయి. చాలా కొద్దిమందే వెతికిన ప్రశ్నలను గోప్యత కోసం గూగుల్ దాచేస్తుంది, మొత్తంలో మాత్రం లెక్కిస్తుంది. ఒకే మాటను పది రకాలుగా టైపు చేసే తెలుగు వెతుకులాటల్లో ఈ దాచిన వాటా ఎక్కువగా తగలడంలో ఆశ్చర్యం లేదు.

రోజుల లెక్క కాలిఫోర్నియా గడియారం మీద నడుస్తుంది. అక్కడ అర్ధరాత్రి దాటేసరికి మనకు వేసవిలో మధ్యాహ్నం 12.30, చలికాలంలో 1.30. 2025 మార్చి 30న ఉగాది పొద్దున్నే ఆరింటికి హైదరాబాద్‌లో ఎవరైనా పచ్చడి కొలతలు వెతికితే అది 29వ తేదీ ఖాతాలో పడుతుంది. అనలిటిక్స్‌లో మన సమయం పెట్టుకుంటే అది దాన్నే పాటిస్తుంది కాబట్టి ఈ రెండూ రోజువారీగా ఎప్పటికీ కలవవు. వారం, నెల లెక్కన చూడండి. కన్సోల్ తెరలో తాజా, ఇంకా ఖరారు కాని డేటా కూడా కనిపిస్తుంది, ఏపీఐ మామూలుగా ఖరారైనదే ఇస్తుంది. ఆఖరి రెండు మూడు రోజుల తేడా అక్కడిదే.

2025 సెప్టెంబరులో, ఒకే పుటలో వంద ఫలితాలు అడిగే సదుపాయాన్ని గూగుల్ ఆపేశాక చాలా సైట్లలో ఇంప్రెషన్లు పడిపోయి సగటు స్థానం బాగుపడినట్టు కనిపించింది. ర్యాంకులు లెక్కించే బాట్లు దిగువ పుటల్లో పుట్టించిన ఇంప్రెషన్లు తగ్గడమే దానికి కారణమని ఈ రంగంలోవాళ్లు ఎక్కువమంది అనుకున్నారు. మీ డ్యాష్‌బోర్డులో ఆ నెల మీద ఒక గమనిక రాసిపెట్టండి. అంతకు ముందువెనకల పోలికకు క్లిక్కులనే నమ్మండి.

ఏది పట్టుకోవాలి

ఒక్కరే నడిపే వర్డ్‌ప్రెస్ సైటు: సైట్ కిట్, పక్కన కన్సోల్. రాసేవాళ్లు నలుగురైదుగురు ఉన్న వంటల, భక్తి, విద్యా సైట్లు: సైట్ కిట్ షేరింగ్, నెలవారీ చూపుకు లుకర్ స్టూడియో, వెనకాల బిగ్‌క్వెరీ నింపుకుంటూ ఉండాలి. వేల పేజీల వార్తా సైటుకు బిగ్‌క్వెరీ తప్ప వేరేది చాలదు. బ్లాగర్ వాళ్లకు లుకర్ స్టూడియో హాయి. సొంతంగా కోడు రాసుకున్న సైటుకు ఏపీఐ.

ఏ పలక కట్టినా మొదటి రోజే ఈ మూడు పట్టికలు పెట్టండి. గత 28 రోజుల్లో 8 నుంచి 20వ స్థానం మధ్య ఉండి 200 ఇంప్రెషన్లు దాటిన ప్రశ్నలు ఒకటి. చిన్న సైటయితే 50 చాలు. పేజీలో ఆ ప్రశ్నకు నేరుగా జవాబు లేకపోతే చేర్చాల్సింది అక్కడే. ఒకే ప్రశ్నకు రెండు పేజీలు క్లిక్కులు పంచుకుంటున్నవి రెండో పట్టిక. పోయినేడు రాసిన ఉగాది పేజీ ఉండగా ఈ ఏడాదికి ఇంకోటి రాసే అలవాటున్న సైట్లలో ఇది నిండుగా ఉంటుంది. మూడోది, అయిదో స్థానంలోపు ఉండి కూడా క్లిక్ శాతం మీ సైటు సగటులో సగానికి తక్కువున్నవి. శీర్షిక తిరగరాయాల్సినవి ఇవే.

వేరేవాళ్లతో ఈ పని చేయిస్తుంటే కన్సోల్ ప్రాపర్టీ, క్లౌడ్ ప్రాజెక్టు, లుకర్ నివేదిక మూడూ మీ సంస్థ ఖాతా మీదే తెరిపించి, చేసేవారికి యూజర్ హక్కు మాత్రమే ఇవ్వండి. లుకర్ నివేదికను ఒక్క పూటలో మళ్లీ కట్టుకోవచ్చు. వాళ్ల ఖాతాలో పోగైన బిగ్‌క్వెరీ డేటాను మాత్రం వాళ్లు తలుపు తెరిస్తేనే తెచ్చుకోగలరు.